ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి: కొండదారిలో టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్ బండ్లతో నా పదిహేడేళ్ళు

నా బండి వెనక సీటు మీద పదిహేడేళ్ళుగా ఒక టీకాల పెట్టె కట్టి ఉంటోంది. మేకలకు, పశువులకు వేసే మందు సీసాలు అందులో 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి. మంచు దిమ్మలతో కలిపి పెట్టె బరువు పన్నెండు కిలోలు. తెల్లవారుజామున ఒడిశాలోని పర్లాకిమిడిలో బయలుదేరి గుమ్మ, సెరంగో, ఆర్. ఉదయగిరి వైపు కొండల మీదున్న సవర గిరిజనుల ఊళ్ళకు మంచు కరిగేలోగా చేరుకోవాలి. తారు రోడ్డు ఆగిపోయిన చోటే నా అసలు ప్రయాణం మొదలవుతుంది. ఈ దారుల్లో 2008 నుంచి పదకొండేళ్ళు టూ స్ట్రోక్ బండి మీద తిరిగాను, 2019 చివరి నుంచి ఫోర్ స్ట్రోక్ మీద తిరుగుతున్నాను. రెండింటినీ ఒకే దారిలో, ఒకే బరువుతో, అన్ని కాలాల్లోనూ నడిపాను కాబట్టి ఈ సమీక్ష రాయగలననుకుంటున్నాను.

మొదటిది 1994 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100. మా మేనమామ వాడి నాకిచ్చారు. 98 సీసీ ఇంజన్, 11 హార్స్‌పవర్, నాలుగు గేర్లు, బరువు నూటమూడు కిలోలు. ఇది కొండల కోసం తయారైన బండి కాదని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. కొండదారికోసమే చేసిన టూ స్ట్రోక్ బండి మా బజారులో నేనెప్పుడూ చూడలేదు. అందుకని ఉన్నదాన్నే మలుచుకున్నాను. గుబ్బల టైర్లు వేయించాను, వెనక పళ్ళచక్రం పెద్దది పెట్టించాను, వెడల్పాటి హ్యాండిల్ బిగించాను, గెడ్డలు, అంటే వాగులు, దాటడానికి వీలుగా సైలెన్సర్‌ను పైకెత్తించాను. రెండోది హీరో ఎక్స్‌పల్స్ 200, ఇంజెక్షన్ రకం, అంటే కార్బొరేటర్ లేకుండా పెట్రోలును కొలిచి చిమ్మేది. 199.6 సీసీ, దాదాపు 18 హార్స్‌పవర్, 154 కిలోలు. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. నేలకూ ఇంజన్ అడుగుకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం. ఇంతవరకు 62 వేల కిలోమీటర్లు తిరిగింది.

ఈ రెండు బండ్ల వయసు వేరు, పుట్టిన ఉద్దేశం వేరు. కొత్త బండి రాళ్ళమీద సుఖంగా పోతుందంటే అందులో ఎక్కువ భాగం దాని ముందు చక్రం కుదుపులను మింగే పొడవాటి ఫోర్కుదీ పెద్ద చక్రానిదీ. ఆ సుఖాన్ని ఫోర్ స్ట్రోక్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. అందుకని ఇక్కడ ఇంజన్ స్వభావం వల్ల వచ్చే తేడాలనే చెప్పడానికి ప్రయత్నిస్తాను.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి పెట్రోలు మండుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారి. సిలిండర్ తల మీది వాల్వులు, వాటిని తెరిచే కామ్, దాన్ని తిప్పే టైమింగ్ గొలుసు వంటివేవీ టూ స్ట్రోక్‌కు అక్కర్లేదు. అందుకే అది తేలిక, చిన్న ఇంజన్ నుంచే ఎక్కువ బలం వస్తుంది. మట్టిదారుల్లో జరిగే మోటోక్రాస్ పోటీల్లో 250 సీసీ టూ స్ట్రోక్‌కు సాటిగా 450 సీసీ ఫోర్ స్ట్రోక్‌ను నిలబెట్టడానికి కారణం ఇదే. అయితే ఆ బలం కింది నుంచి రాదు. నా ఆర్‌ఎక్స్‌లో ఇంజన్ వేగం నిమిషానికి ఐదు వేల చుట్లు దాటితేనే ప్రాణం వచ్చేది. అప్పటిదాకా నీరసంగా ఉండి, ఆ గీత దాటగానే ఒక్కసారిగా ముందుకు దూకేది.

పొడి నేల మీద, ఒంటరిగా, బరువు లేకుండా ఎక్కుతుంటే ఆ దూకుడంత ఆనందం మరొకటి లేదు. డిసెంబరులో పంట కోతలయ్యాక గట్ల వెంట, జీడితోటల మధ్య ఎర్రమట్టి బాటలో అది పరుగెత్తిన తీరు ఇప్పటికీ నా చేతుల్లో ఉంది. ముందు చక్రం ఏ రాయి మీద పెట్టాలనుకుంటే ఆ రాయి మీదే పడేది. కానీ పెట్టె కట్టి, వానకు నానిన ఎక్కుడులో, నడక వేగంతో పోవాలంటే కథ మారిపోయేది. వేగం తగ్గితే ఇంజన్ చచ్చిపోతుంది. పెంచితే బలం ఒక్కసారిగా వచ్చి వెనక చక్రం బురదలో గిర్రున తిరుగుతుంది. ఈ రెండింటి మధ్య క్లచ్చిని సగం నొక్కి నిభాయించాలి. వానాకాలం ముగిసేసరికి క్లచ్ ప్లేట్లు అరిగిపోయేవి, నా ఎడమచేతి మణికట్టు వాచిపోయేది. అదే ఎక్కుడులో ఎక్స్‌పల్స్ మొదటి గేరులో, దాదాపు తనంతట తానే, ఎద్దు బండిని లాగినట్టు నింపాదిగా లాగుతుంది. చక్రం జారినా ఒక చుట్టు జారి మళ్ళీ పట్టు దొరకబుచ్చుకుంటుంది. టీకా సీసాలు పగలకుండా చేరాలంటే నాకు కావలసింది ఈ నింపాదితనమే.

ఎక్కుడు గురించి అందరూ మాట్లాడతారు. నాకు అసలు తేడా తెలిసింది దిగుడులో.

2011 ఆగస్టులో గుమ్మ వైపు ఒక పొడవాటి దిగుడు. రాత్రంతా వాన పడింది. బ్రేకులు తడిసిపోయాయి. యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, రెండో గేరులో, బండిని ఇంజన్ ఆపుకొస్తుందని నమ్ముకుని దిగుతున్నాను. టూ స్ట్రోక్‌కు అలా ఆపే గుణం చాలా తక్కువ. బండి వేగం పుంజుకుంది. ఇంజన్ పైకి అరుస్తూనే ఉంది. అంతలో కీచుమని వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ నొక్కాను కాబట్టి పక్కకు పడ్డాను, లేకపోతే లోయ వైపే. పిస్టన్ సిలిండర్‌లో పట్టేసింది.

బండిని ఒక జీపులో వేసుకుని పర్లాకిమిడి తెచ్చాను. మా ముసలి మేస్త్రి సిలిండర్ విప్పి, గీతలు పడిన పిస్టన్ నా చేతిలో పెట్టి అడిగారు.

“దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా మూసేశావా బాబూ?”

“అవునండీ.”

“మరి నూనె ఎక్కడి నుంచి వస్తుంది? నువ్వు పెట్రోలులోనే కదా కలిపి పోస్తావు. పెట్రోలు ఆపితే నూనె కూడా ఆగిపోతుంది. ఇంజన్ మాత్రం చక్రంతో పాటు తిరుగుతూనే ఉంటుంది.”

టూ స్ట్రోక్ కొనాలనుకునే ప్రతివారికీ నేను మొదట చెప్పేది ఈ మాటే. నూనె పెట్రోలుతో కలిసి వచ్చే బండిలో, పొడవాటి దిగుడులో కాసేపటికొకసారి క్లచ్ నొక్కి యాక్సిలరేటర్ కొంచెం తిప్పి ఇంజన్‌కు నూనె అందించాలి. అంటే ఇంజన్ ఆపుతుందన్న ఆశ వదులుకుని, బ్రేకుల మీదే దిగాలి. ఆర్‌ఎక్స్‌కు రెండూ డ్రమ్ బ్రేకులే. ఒక్క గెడ్డ దాటితే చాలు, తర్వాతి అర కిలోమీటరు అవి పట్టవు. ఫోర్ స్ట్రోక్‌లో నూనె అడుగున తన గదిలో తాను ఉంటుంది. యాక్సిలరేటర్ మూసినా పంపు దాన్ని తిప్పుతూనే ఉంటుంది. మొదటి గేరులో వదిలేస్తే ఇంజనే బండిని గట్టిగా వెనక్కి లాగి పట్టుకుంటుంది. నేను బ్రేకును రెండు వేళ్ళతో తాకితే చాలు. ఎక్స్‌పల్స్ కొన్న మొదటి వానాకాలంలో అదే గుమ్మ దిగుడు దిగి కింద ఊళ్ళో ఆగినప్పుడు నా భుజాలు బిగుసుకుపోలేదని గమనించాను. పదకొండేళ్ళలో అది మొదటిసారి.

ఇంత చెప్పినా బరువు విషయంలో మాత్రం నా మనసు ఇప్పటికీ పాత బండి వైపే. 103 కిలోల బండి బురదలో పడితే హ్యాండిల్ పట్టుకుని ఒక ఊపులో లేపేవాణ్ణి. ఇప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. 154 కిలోల బండి, దాని మీద పెట్టె, ఏటవాలులో పడితే ముందు పెట్టె విప్పాలి, తర్వాత బండికి వీపు ఆనించి కాళ్ళ బలంతో లేపాలి. రెండేళ్ళ కిందట ఒకే ఉదయం మూడుసార్లు పడ్డాను. మూడోసారి లేపలేక, దారిన పోతున్న ఇద్దరు సవర అన్నదమ్ములు వచ్చేదాకా రాయి మీద కూర్చున్నాను. సీటు ఎత్తు 823 మిల్లీమీటర్లు. నా అంత ఎత్తు లేనివాళ్ళకు ఏటవాలులో కాలు నేలకు అందక పడిపోయే ప్రమాదం ఉంది. కొనేముందు షోరూము ముందున్న చదును నేల మీద కాకుండా, ఒక వాలులో ఎక్కి కూర్చుని చూడండి.

నీటి విషయం చాలామంది పట్టించుకోరు. మా వైపు జూలై నుంచి అక్టోబరు దాకా ప్రతి దారికీ అడ్డంగా ఒక గెడ్డ ఉంటుంది. ఆర్‌ఎక్స్ ఇంజన్‌లోకి నీళ్ళు పోతే ప్లగ్ విప్పి, బండిని వంచి, పది కిక్కులు కొడితే నీళ్ళు బయటికి చిమ్మేవి. ప్లగ్ తుడిచి మళ్ళీ బిగిస్తే పావుగంటలో దారిన పడేవాణ్ణి. ఫోర్ స్ట్రోక్ తిరుగుతుండగా నీళ్ళు మింగితే పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. ఆగిపోయినా సెల్ఫ్ నొక్కకూడదు. ఇంజన్ ఆయిల్ చూసే గాజులో నూనె పాలలా తెల్లగా కనబడితే నీళ్ళు కలిసినట్టే, ఇక నడపకూడదు. ఇంజెక్షన్ బండికి పెట్రోలు పంపు నడవడానికి కరెంటు కావాలి కాబట్టి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే మెకానిక్ దగ్గరికి నెట్టుకుంటూ పోవడమే. నేను మోకాలి లోతు దాటితే దిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు దాన్ని దాటించి, తర్వాత బండిని నెడతాను.

ఎత్తు ప్రభావం గురించి ఒక మాట. మా వైపు మహేంద్రగిరి కొండ ఎత్తు 1501 మీటర్లు. ప్రతి వెయ్యి మీటర్లకు ఇంజన్ బలం దాదాపు పదో వంతు తగ్గుతుంది, ఇది రెండింటికీ సమానమే. గాలి పలచబడినా కార్బొరేటర్ అంతే పెట్రోలు పోస్తుంది కాబట్టి ఆర్‌ఎక్స్ పైకి వెళ్ళేకొద్దీ నల్లటి పొగ, వణుకు, మసిబారిన ప్లగ్. జేబులో అదనపు ప్లగ్ లేకుండా నేనెప్పుడూ ఆ కొండ ఎక్కలేదు. ఇంజెక్షన్ గాలిని కొలిచి తనే సర్దుకుంటుంది. శివరాత్రికి ఇంట్లోవాళ్ళని తీసుకుని వెళ్ళినప్పుడు ఈ సౌఖ్యం బాగా తెలిసింది.

పోషణ లెక్క చాలామంది అనుకునేదానికి కొంచెం భిన్నంగా ఉంది. టూ స్ట్రోక్ బాగుచేయడం తేలిక, కానీ తరచుగా చేయాలి. పదకొండేళ్ళలో మూడుసార్లు అరిగిన సిలిండర్‌కు బోరు చేయించాను, క్రాంక్ ఒకసారి, సైలెన్సర్‌లో పేరుకున్న మసి తీయించడం ప్రతి ఏడాదీ. ఆ పనంతా మా మేస్త్రి ఒక పూటలో చేసేవారు. ఒకసారి దూరపు బజారులోని ఒక దుకాణంలో కొన్న నకిలీ పిస్టన్ రెండు నెలల్లో రింగు విరిచింది, అప్పటి నుంచి అసలు సామాను కోసం ఓపిగ్గా ఎదురుచూడటం నేర్చుకున్నాను. ఫోర్ స్ట్రోక్‌కు ఈ ఆరేళ్ళలో ఇంజన్ విప్పనే లేదు. నూనె, గాలి వడపోత, ట్యాపెట్లు (వాల్వుల సందు) సరిచేయించడం, గొలుసు, అంతే. కానీ ఏ రోజైనా విప్పాల్సి వస్తే ఖర్చు పెద్దది, ఆ పని తెలిసిన చేయి మా ఊళ్ళో దొరకడం కష్టం. పెట్రోలు చూస్తే, కొండలో బరువుతో ఆర్‌ఎక్స్ లీటరుకు 28 కిలోమీటర్లు ఇచ్చేది, ఎక్స్‌పల్స్ 38 ఇస్తోంది. పై ఊళ్ళల్లో సీసాల్లో అమ్మే పెట్రోలు కొనే అవసరం తప్పింది. పెట్రోలులో కలిపే 2టీ నూనె డబ్బా మోసే బాధా తప్పింది.

ఇప్పుడు పాత టూ స్ట్రోక్ ఉంచుకున్నవాళ్ళకు కొత్త చిక్కు ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. మా వానల్లో ట్యాంకు అడుగున నీరు చేరితే నూనె కలిపిన పెట్రోలు సరిగ్గా ఉండదు. నేను ఒక వారానికి సరిపడా మాత్రమే కలుపుతాను, లీటరుకు 30 మిల్లీలీటర్లు. ఇథనాల్ వల్ల గాలి, పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది కాబట్టి కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రం, మెయిన్ జెట్, ఒక సైజు పెద్దది వేయించాను. పలచబడిన మిశ్రమంతో ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేయడం నాకు మళ్ళీ వద్దు.

పోటీల ప్రపంచంలో టూ స్ట్రోక్ చావలేదని కూడా తెలుసుకోవాలి. 1997లో డగ్ హెన్రీ లాస్ వేగాస్ సూపర్‌క్రాస్‌లో యమహా ఫోర్ స్ట్రోక్ మీద గెలిచాక మోటోక్రాస్ అటు మళ్ళింది. కానీ ఆస్ట్రియాలో ఎర్జ్‌బర్గ్ గని కొండ మీద జరిగే పోటీలో ఇప్పటికీ 300 సీసీ టూ స్ట్రోక్ బండ్లదే రాజ్యం. అక్కడ బండిని చేతులతో మోసి రాళ్ళమీదికి ఎక్కించాలి కాబట్టి తేలికదనమే గెలుపు. కేటీఎం 2018 మోడళ్ళ నుంచి టూ స్ట్రోక్‌కు ఇంజెక్షన్ పెట్టి, నూనెను వేరే ట్యాంకు నుంచి పంపే ఏర్పాటు చేసింది. కానీ మన రోడ్ల మీద నడపడానికి కొత్త టూ స్ట్రోక్ మోటార్‌సైకిల్ ఇక్కడ దొరకదు. పాతదే వెతుక్కోవాలి. పదిహేనేళ్ళు దాటిన బండికి ప్రతి ఐదేళ్ళకూ రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, కొనేముందు ఆ కాగితాలు చూసుకోవాలి.

కాబట్టి పని మీద, బరువుతో, ఒంటరిగా, వానలో కొండలు తిరిగేవారు ఫోర్ స్ట్రోక్ కొనండి. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. నడపడం నేర్చుకోవాలనుకునే కుర్రవాళ్ళకు మాత్రం, ఇంట్లో మంచి స్థితిలో టూ స్ట్రోక్ ఉంటే దాన్ని అమ్మవద్దంటాను. క్లచ్చికీ యాక్సిలరేటర్‌కూ మధ్య ఉన్న సన్నటి గీతను అది నేర్పినట్టు ఏ బండీ నేర్పదు. పడితే వాళ్ళే లేపుకోగలరు కూడా.

మా ఆర్‌ఎక్స్ ఇప్పుడు నా మేనల్లుడి చేతిలో ఉంది. వేసవిలో మహేంద్రతనయ నది ఎండినప్పుడు ఇసుకలో నడపడం నేర్పుతున్నాను. మొన్న ఒడ్డు దిగుతూ వాడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసేస్తే పైనుంచి అరిచాను, వెంటనే క్లచ్ నొక్కి ఇంజన్‌కు రెండు గుక్కలు అందించాడు. క్రాంక్ బేరింగు మోత కొంచెం పెరిగినట్టుంది. దీపావళి లోపల మేస్త్రి గారి దగ్గర విప్పించాలి.