లైవ్ రాక్ కొంటున్నారా? హైదరాబాద్‌లో కొత్తగా మెరైన్ ట్యాంకు పెట్టేవాళ్లకు హెచ్చరిక

లైవ్ రాక్ అంటే మెరైన్ ట్యాంకులో, అంటే ఉప్పునీటి చేపల ట్యాంకులో, వేసే బ్యాక్టీరియా పట్టిన సముద్రపు రాయి. చేపల వ్యర్థాల్లోంచి పుట్టే విషమైన అమ్మోనియాను అరిగించే ఆ బ్యాక్టీరియాను చేపలు వేయకముందే ట్యాంకులో పెంచడమే సైక్లింగ్. నగరంలో ఒక పేరున్న అక్వేరియం దుకాణం ‘సైక్లింగ్ అక్కర్లేని లైవ్ రాక్’ అంటూ కిలోల లెక్కన అమ్ముతున్న సరుకు రంగు పూసిన చచ్చు రాయి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. గుర్తులు చెబుతాను, మీకు ఎదురైతే పోల్చుకోండి.

అక్కడ వినిపించే మాట ఇది: “సముద్రం నుంచి నేరుగా దిగింది సార్, బ్యాక్టీరియా అంతా లోపలే ఉంది. పొద్దున రాళ్లు పేర్చండి, సాయంత్రం చేపలు వేసుకోండి.” ఇందులో సగం నిజం ఉంది, అందుకే నమ్మబుద్ధవుతుంది. మంచి లైవ్ రాక్ రంధ్రాల్లో అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని మళ్లీ నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నిజంగానే ఉంటుంది. అయితే మన ఊరికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. కాగితాల్లో చుట్టిన రాయి లారీలో ఎండిపోతూ వస్తే దాని మీది స్పాంజి, పురుగులు, చిప్పజీవులు చచ్చి కుళ్లుతాయి. అప్పుడు అమ్మోనియాను అరిగించుకోవాల్సిన రాయే అమ్మోనియాను పుట్టిస్తుంది. తెలిసినవాళ్లు అందుకే ఎంత మంచి రాయినైనా ముందు వేరే టబ్బులో, ఉప్పునీళ్లలో, పంపు తిరుగుతుండగా వారాల తరబడి ఉంచి, వాసన పోయి అమ్మోనియా సున్నాకు దిగాకే ట్యాంకులోకి తెస్తారు.

నేను కొన్న రాళ్లూ అలా టబ్బులోకే వెళ్లాయి. పొట్లం విప్పగానే కుళ్లిన పీతల కంపు. ఒక రాయి తిరగేస్తే అడుగున బూడిదరంగు జిగురు, నోళ్లు తెరుచుకున్న ఆల్చిప్పలు. పైభాగం మాత్రం నిగనిగలాడే ఊదారంగు. తడిపి బొటనవేలితో గట్టిగా రుద్దితే ఆ ఊదా వేలికి అంటుకుంది. మర్నాటికి టబ్బు అడుగున పెచ్చులు పెచ్చులుగా రంగు తేలింది. మంచి లైవ్ రాక్‌కు ఊదారంగు తెచ్చేది కొరలైన్ అనే నాచు. అసలైన కొరలైన్ నాచు రాయి మీద సున్నపు పొరలా గట్టిపడి ఉంటుంది. చాకుతో గీకితే తప్ప రాదు, వేలికి అంటదు. దుకాణంలోనే, డబ్బు ఇవ్వకముందే, ఒక రాయి అడిగి తీసుకుని రుద్ది చూడండి. వాసన కూడా చూడండి. మంచి రాయి సముద్రపు గాలి వాసన వేస్తుంది తప్ప ముక్కు మూసుకునేలా కంపు కొట్టదు.

అన్నింటికన్నా నాకు ఒళ్లు మండినది నీటి పరీక్ష. కంపు సంగతి చెబితే “నీళ్లు పట్టుకురండి, ఉచితంగా పరీక్షిస్తాం” అన్నారు. సీసాలో ఒక స్ట్రిప్ ముంచి, డబ్బా మీది రంగుల పట్టీ పక్కన పెట్టి, “అన్నీ బాగున్నాయి సార్, ఇక చేపలు తీసుకెళ్లండి” అన్నారు. ఆ స్ట్రిప్ మీది గళ్లు ఒక్కొక్కటీ డబ్బాతో పోల్చి చూశాను: నైట్రేట్, నైట్రైట్, కాఠిన్యం, క్షారత, పీహెచ్. అమ్మోనియాకు గడే లేదు! బజారులో దొరికే చాలా స్ట్రిప్పులు ఇంతే. కొత్త ట్యాంకులో చూడాల్సిన మొదటి అంకెను వదిలేసి మిగతావన్నీ చూపిస్తాయి. ఇంటికి వచ్చి చుక్కల మందు కిట్‌తో అదే నీటిని పరీక్షిస్తే గొట్టం ముదురు ఆకుపచ్చకు తిరిగింది. ఆ కిట్‌లో పసుపు ఉంటే అమ్మోనియా లేనట్టు. పచ్చదనం చిక్కబడే కొద్దీ ప్రమాదం.

ఉప్పునీటిలో ఇది ఇంకా ప్రాణాంతకం. మంచినీటి ట్యాంకు పీహెచ్ 7 దగ్గర ఉంటే అమ్మోనియాలో చాలా భాగం అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉండిపోతుంది. మెరైన్ ట్యాంకు 8.2 దగ్గర నడుస్తుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషరూపం దాదాపు పది రెట్లవుతుంది. గోల్డ్‌ఫిష్‌లు పెంచిన అనుభవంతో ఇక్కడ అంచనా వేయకండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకరు ఆ దుకాణం మాట నమ్మి రాళ్లతో పాటే క్లౌన్ చేపల జంటను తెచ్చారు. మర్నాడు పొద్దుటికి ఒకటి పోయింది, రెండోది నీటి పైకొచ్చి ఎగశ్వాస పెడుతోంది. దుకాణంలో అడిగితే “మీ టాంకర్ నీళ్లు మంచివి కావేమో” అని తప్పు ఆయన మీదికే నెట్టారు. ఆయన వాడింది ఆర్ఓ నీళ్లు.

మరో మాట. “ఇది తూత్తుకుడి సరుకు, పగడపు రాయి” అని దుకాణంవాళ్లు చెవిలో చెబుతారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద పగడాలు 2001 నుంచి మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులితో సమానమైన రక్షణ. మన సముద్రంలోంచి తీయడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే, 3 నుంచి 7 ఏళ్ల జైలు. వాళ్లు చెప్పింది నిజమైతే నేరం, అబద్ధమైతే మోసం. రంగు గీకి చూస్తే నాకు అంటగట్టినవి ఏదో తీరంలో ఏరిన మామూలు రాళ్లు, రెండింటికి సిమెంటు కూడా పూశారు. బిల్లులో ఏం రాశారో తెలుసా? ‘అలంకరణ రాళ్లు’. లైవ్ రాక్ అన్న మాటే లేదు. బిల్లు చేతికి రాగానే చదవండి, కొన్న వస్తువు పేరు రాయించుకోకుండా డబ్బు కట్టకండి.

రాయి కావాలంటే మనుషులు తయారుచేసిన పొడి రాయి కొనుక్కోవడం మేలు. చౌక, చట్టానికి ఇబ్బంది లేదు, కుళ్లేదీ లేదు. ఉప్పునీటి సాంద్రత 1.025 దగ్గర పెట్టి, సీసా బ్యాక్టీరియా వేసి, అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియా 2 పీపీఎంకు (లీటరుకు 2 మిల్లీగ్రాములకు) తెచ్చి వదిలేయండి. అది తగ్గాక మళ్లీ 2 పీపీఎంకు తెస్తే 24 గంటల్లో సున్నాకు దిగి, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తేనే సైక్లింగ్ అయినట్టు. మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. సీసాలోంచి కలిపిన బ్యాక్టీరియా వల్ల తొందరగా కావచ్చు, కానీ ఆ మాట చెప్పాల్సింది కిట్, దుకాణదారు కాదు.

డబ్బు వెనక్కి ఇవ్వనన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, సరుకుకు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఇవే రాళ్లు మీకూ అంటగట్టి ఉంటే బిల్లు, రంగు ఊడిన రాయి, కిట్ గొట్టం ఫొటోలు తీసి పెట్టుకోండి, రాళ్లు మాత్రం పారేయకండి.