ఎనిమిదేళ్ల వాడకం తర్వాత: గ్లిబ్‌సీ నెట్‌గ్రూప్ ఫంక్షన్లు

అనంతపురంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లలో లైనక్స్ సిస్టమ్స్ చూసుకుంటాను. ఏ సిస్టమ్‌లోకి ఎవరిని రానివ్వాలో తేల్చే చిన్న సీ ప్రోగ్రామ్ ఒకటి నేనే రాశాను. ఎనిమిదేళ్లుగా అది ఇన్‌నెట్‌జీఆర్ మీదే నడుస్తోంది. లైనక్స్‌లోని సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో ఉండే ఈ ఫంక్షన్, మనం అడిగిన యూజర్ పేరో హోస్ట్ (కంప్యూటర్) పేరో ఒక నెట్‌గ్రూప్‌లో, అంటే పేరు పెట్టిన జాబితాలో, ఉంటే 1 అని, లేకపోతే 0 అని చెబుతుంది. ఈ ఫంక్షన్ అంటే నాకు నిజంగా ఇష్టం. పేర్ల జాబితా ఫైల్‌లో ఉన్నా, నెట్‌వర్క్‌లో జాబితాలు పంచే పాత పద్ధతి ఎన్‌ఐఎస్‌లో ఉన్నా, ఎస్‌ఎస్‌ఎస్‌డీ అనే సర్వీస్ వెనకాల ఎల్‌డాప్ డైరెక్టరీ సర్వర్‌లో ఉన్నా మన కోడ్ మారదు. ఏ జాబితాను ఎక్కడ వెతకాలో చెప్పే ఎన్‌ఎస్‌స్విచ్ ఫైల్‌లో ఒక లైన్ మారిస్తే చాలు. అదే గ్రూప్ పేరును అడ్మిన్ అధికారాలిచ్చే సుడోలోనూ, ఫోల్డర్లను ఏ సిస్టమ్‌లకు పంచాలో రాసే ఎన్‌ఎఫ్‌ఎస్ ఎక్స్‌పోర్ట్స్‌లోనూ వాడుకోవచ్చు.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం ఖాళీ ఫీల్డ్.

నెట్‌గ్రూప్‌లో ఒక్కో ఎంట్రీకి బ్రాకెట్లో మూడు ఫీల్డ్‌లు: హోస్ట్, యూజర్, డొమైన్. ప్రాక్టికల్ పరీక్షల ముందు రోజు ల్యాబ్ అసిస్టెంట్ ఫోన్ చేశాడు: ‘అన్నా, ఫస్టియర్ పిల్లలు కూడా స్టాఫ్ సిస్టమ్‌లోకి లాగిన్ అవుతున్నారు, తొందరగా రా.’ రాత్రి తొమ్మిది దాకా నా కోడే చదివాను, తప్పు దొరకలేదు. చివరికి గెటెంట్ నెట్‌గ్రూప్ కమాండ్‌తో స్టాఫ్ గ్రూప్‌ని చూస్తే, టీచర్ల పేర్ల మధ్యలో ఒక ఎంట్రీ: (ల్యాబ్07,,). కొత్త సిస్టమ్‌ని కూడా అదే గ్రూప్‌లో చేర్చారు. నా ప్రోగ్రామేమో హోస్ట్ దగ్గర నల్ ఇచ్చి యూజర్ పేరు ఒక్కటే అడుగుతుంది. నల్ అంటే ఏ హోస్టయినా సరే. ఎంట్రీలో యూజర్ ఖాళీగా ఉంటే ఏ యూజరయినా సరే. ఇంకేముంది, ఎవరి పేరు అడిగినా జవాబు 1.

ఆ రాత్రే సిస్టమ్‌లకు ఒక గ్రూప్, మనుషులకు ఒక గ్రూప్ విడివిడిగా పెట్టాను. సిస్టమ్‌ల గ్రూప్‌లో యూజర్ దగ్గర, మనుషుల గ్రూప్‌లో హోస్ట్ దగ్గర హైఫన్ రాశాను: (ల్యాబ్07,-,). హైఫన్ అనే పేరుతో యూజర్ ఎవరూ ఉండరు కాబట్టి ఆ ఎంట్రీ ఎవరికీ తలుపు తెరవదు. అప్పటినుంచి ఆ రెండు ఫీల్డ్‌లలో ఏదీ ఖాళీగా వదల్లేదు.

రెండో ఇబ్బంది, 0 అనే జవాబు. సభ్యుడు కాకపోయినా 0, అడగాల్సిన సర్వర్ అందకపోయినా 0. ఎండాకాలంలో కరెంటు పోయి సర్వర్ పడిపోయినప్పుడు స్టాఫ్ అందరికీ ‘మీకు అనుమతి లేదు’ అని వచ్చింది. పాపం, ఒక మేడమ్ తన అకౌంట్ తీసేశారనుకుని టెన్షన్ పడ్డారు. ఇప్పుడు ముందు, గ్రూప్‌ని చదవడానికి తెరిచే సెట్‌నెట్‌గ్రెంట్ పిలుస్తాను. అది 0 ఇస్తే గ్రూప్ వివరాలే అందలేదని వేరే మెసేజ్ చూపిస్తాను. పని కాగానే దాన్ని మూసే ఎండ్‌నెట్‌గ్రెంట్. ఇవి లోపల ఒకే స్థితిని పంచుకుంటాయి కాబట్టి త్రెడ్‌ల (ఒకే ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనుల) మధ్య వాడొద్దు. నా ప్రోగ్రామ్‌లో త్రెడ్‌లే లేవు.

గ్రూప్ మొత్తం చదవడానికి గెట్‌నెట్‌గ్రెంట్ ఉంది. ఖాళీ ఫీల్డ్‌కి అది నల్ పాయింటర్, అంటే ఏ స్ట్రింగ్‌నీ చూపించని పాయింటర్, ఇస్తుంది. చూడకుండా స్ట్రింగ్‌కంపేర్‌కి ఇస్తే ప్రోగ్రామ్ అక్కడే కూలిపోతుంది. తర్వాతి పిలుపులో పాత స్ట్రింగ్‌లు చెరిగిపోతాయి, కావాలంటే కాపీ చేసి పెట్టుకోవాలి. ఇన్‌నెట్‌జీఆర్ హోస్ట్ పేరుని కూడా అక్షరాలుగానే పోల్చి చూస్తుంది. ఒకచోట పొట్టి పేరు, ఇంకోచోట డొమైన్‌తో కలిపిన పూర్తి పేరు రాస్తే కలవవు.

పోయిన ఏడాది నా ప్రోగ్రామ్‌ని ఆల్పైన్ అనే చిన్న లైనక్స్ కంటైనర్‌లోకి మారుద్దామని చూస్తే కంపైలే కాలేదు. అక్కడ గ్లిబ్‌సీ బదులు ఉండేది మజల్ లైబ్రరీ, దాంట్లో ఇన్‌నెట్‌జీఆర్ లేదు. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం పోసిక్స్‌లో లేని ఫంక్షన్ కదా. మిగతావన్నీ ఆల్పైన్‌కి వెళ్లాయి, ఈ ఒక్క ప్రోగ్రామ్‌ని డెబియన్ మీదే ఉంచాను.