ప్రాగ్ 72 గంటల టికెట్: లాంగ్ వీకెండ్‌కి ఇది చాలు

శుక్రవారం సాయంత్రం దిగి సోమవారం వెళ్లిపోయేవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. మెట్రో, ట్రామ్, బస్సు అన్నిట్లోనూ చెల్లుతుంది. కాగితం టికెట్ అయితే మొదటి ప్రయాణంలోనే పసుపు మిషన్‌లో పెట్టి టైము ముద్ర వేయించాలి, లేకపోతే చేతిలో టికెట్ ఉన్నా జరిమానా తప్పదు. 22వ నంబర్ ట్రామ్ ఎక్కితే మెట్లెక్కే బాధ లేకుండా కోట దగ్గర దింపేస్తుంది, డబ్బులు అక్కడే వసూలైపోయినట్టు.

పాత ఊళ్లో మాత్రం దీంతో పనిలేదు, అంతా నడకే. 1410 నాటి గడియారం కింద గంటగంటకీ జనం మూగుతారు, అస్థిపంజరం గంట కొడుతుంది, క్రీస్తు శిష్యుల బొమ్మలు కిటికీల్లో తిరుగుతాయి, చివర్లో కోడి కూస్తుంది, ఇంతేనా అనిపిస్తుంది (నాకైతే అనిపించింది). చార్లెస్ వంతెన అలా కాదు. తెల్లవారుజామునే ట్రామ్ పట్టుకుని వెళ్తే 30 విగ్రహాలనూ తీరిగ్గా చూడొచ్చు, పొద్దెక్కితే తిరునాళ్లే.