తిరిగొచ్చిన దగ్గు: కమ్యూనిటీ పోస్టింగ్ మీద ఏడేళ్ల తర్వాత ఒక సమీక్ష

మెడికల్ విద్యార్థులని పెద్దాసుపత్రి వార్డు బదులు బయటి క్లినిక్‌లో ఉంచి నేర్పే కమ్యూనిటీ పోస్టింగ్ ఎలా ఉంటుందని ఎవరడిగినా నాకు ముందు గుర్తొచ్చేది ఒక దగ్గు. కఫం లేదు, జ్వరం లేదు, గొంతులో ఈకతో గీకుతున్నట్టు ఉండే పొడి దగ్గు. ఫైనలియర్‌లో 40 వారాలు ఒకే క్లినిక్‌లో, ఒకే ఫ్యామిలీ డాక్టరు పక్కన కూర్చుని నేర్చుకున్నాను. అదయ్యి ఏడేళ్లయింది. రెండేళ్లుగా నా దగ్గరికి కూడా విద్యార్థులు వస్తున్నారు. ఇన్నాళ్ల తర్వాత కూడా ఆ పోస్టింగ్ నాకేమిచ్చిందని అడిగితే నా జవాబు ఆ దగ్గు దగ్గరే మొదలవుతుంది.

ఎన్ని గంటలుండాలి, లాగ్‌బుక్‌లో ఎన్ని సంతకాలు కావాలి లాంటివి సీనియర్లు ఎవరైనా చెప్తారు. నేను రాస్తున్నది ఒక్క విషయం గురించే. అక్కడ రోగి తిరిగొస్తాడు.

వార్డులో నాకు ఆ అనుభవం లేదు. మెడిసిన్ వార్డులో రాత్రి పదింటిదాకా కూర్చుని ఒకాయన కేస్ షీట్ నాలుగు పేజీలు రాశాను. పొద్దున్న రౌండ్స్‌కి వెళ్లేసరికి ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. "నిన్నటాయన డిశ్చార్జి" అంది సిస్టర్. నేననుకున్న జబ్బే ఆయనకుందా, ఇచ్చిన మందు పని చేసిందా, ఇంటికెళ్లాక మింగాడా మానేశాడా? ఏదీ తెలియలేదు. ఆరు వారాలకో యూనిట్ మారుతూ నాలుగేళ్లు అలాగే గడిచాయి. వందల జబ్బులు మొదలవడం చూశాను. ఒక్కటి కూడా చివరిదాకా చూడలేదు.

1961లో కెర్ వైట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు వేసిన ఒక లెక్క వైద్య విద్య గురించి మాట్లాడేవాళ్లందరికీ తెలుసు. వెయ్యిమంది పెద్దవాళ్లని తీసుకుంటే ఒక నెలలో 750 మందికి ఏదో ఒక అనారోగ్యం వస్తుంది. 250 మంది డాక్టరు దగ్గరికెళ్తారు. 9 మంది ఆసుపత్రిలో చేరతారు. బోధనాసుపత్రిదాకా వచ్చేది ఒక్కరు. విద్యార్థిగా ఆ లెక్క చదివినప్పుడు ఒక అంకెగా చూసి వదిలేశాను. క్లినిక్‌లో కూర్చున్న మొదటి వారంలోనే, మేమిన్నేళ్లూ ఆ ఒక్క మనిషిని చూసి వైద్యం నేర్చుకున్నామని అర్థమైంది. మిగతా 249 మంది ఈ గది ముందు బెంచీ మీద కూర్చుంటున్నారు.

ఇక ఆ దగ్గు సంగతి.

యాభై దాటిన దర్జీ ఒకాయన. తలనొప్పని వచ్చారు. బీపీ 160/100. వేరే వేరే రోజుల్లో ఇంకో రెండుసార్లు చూశాం, ఎక్కువగానే ఉంది. ఏ మందు మొదలుపెడదామని ఆ క్లినిక్ డాక్టరు, మా మేడం, నన్నే అడిగారు. ఎనలాప్రిల్ అన్నాను. ఎందుకన్నారు. కారణాలు చెప్పాను. సరేనని కిడ్నీ పరీక్షలు చూసి, నేను రాసిన చీటీ కింద సంతకం పెట్టారు. నా చేత్తో రాసి, నేనే వివరంగా చెప్పి ఇచ్చిన మొదటి దీర్ఘకాలపు మందు అది. నెల తిరిగేసరికి బీపీ దిగింది. ఆ సాయంత్రం ఎంత సంతోషంగా ఇంటికెళ్లానో నాకిప్పటికీ గుర్తుంది.

ఇంకో రెండు వారాలకి ఆయనే దగ్గుతో వచ్చారు. ఊపిరితిత్తులు విన్నాను, శుభ్రంగా ఉన్నాయి. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. ఆ వారంలో జలుబు, దగ్గుతో చాలామంది వస్తున్నారు. వైరల్ అని రాశాను. మేడం పక్కగదిలో ఫిట్స్ వచ్చిన పిల్లాడితో ఉన్నారు. గుమ్మంలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పాను, తలూపారు. సిరప్ రాసి పంపేశాను.

రెండు వారాల తర్వాత మళ్ళీ వచ్చారు. దగ్గు తగ్గలేదు. "సూదిలో దారం ఎక్కిస్తుంటే దగ్గొచ్చి చెయ్యి కదిలిపోతోందమ్మా. కాలరు కుట్టడానికి ధైర్యం చాలట్లేదు" అన్నారు. రెండు వారాలు దాటిన దగ్గు కాబట్టి ఎక్స్‌రే తీయించాం. ఏమీ లేదు. నేను ఆస్తమా అన్నాను, తర్వాత కడుపులో ఆమ్లం పైకి తన్నడం వల్లేమో అన్నాను. మేడం ఏమీ అనకుండా ఆయన ఫైలు తీసుకుని వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. ఒక పేజీ దగ్గర ఆగి ఫైలు నా వైపు తిప్పారు.

"ఇదెవరి రాత?"

"నాదే మేడం."

"ఈ పేజీ, ఇవాళ్టి పేజీ పక్కపక్కన పెట్టుకుని చదువు."

పాత పేజీలో నీలం సిరాతో, కాస్త గుండ్రంగా, జాగ్రత్తగా రాసిన ఎనలాప్రిల్. ఇవాళ్టి పేజీలో గబగబా గీకిన 'పొడి దగ్గు, నెల రోజులు'. రెండూ నా రాతే.

ఈ జవాబు నాకు రాదా? ఫార్మకాలజీ పరీక్షలో రాశాను. ఎనలాప్రిల్ అడ్డుకునే ఎంజైము మామూలుగా బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కూడా విరగ్గొడుతుంది. ఎంజైము ఆగితే అది పేరుకుపోయి శ్వాసనాళాల్లో నరాలని రేపుతుంది, దగ్గొస్తుంది. మందు మొదలైన కొద్ది రోజులకే రావచ్చు, నెలల తర్వాత కూడా రావచ్చు. బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి రాశాను. ప్రశ్నలో ఎనలాప్రిల్ అని ఉంటే దగ్గు అని రాయడం వచ్చు నాకు. మనిషి ఎదురుగా కూర్చుని దగ్గుతుంటే ఎనలాప్రిల్ అనుకోవడం రాలేదు.

ఆ మాట ఆయనకి నన్నే చెప్పమన్నారు మేడం. నా గొంతు తడారిపోయింది. "ఈ దగ్గు నేను రాసిన బీపీ మందు వల్ల వచ్చిందండీ. పోయినసారే నాకు తట్టాల్సింది, తట్టలేదు" అన్నాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "మానేస్తే పోతుందా అమ్మా?" అని అడిగారు. అంతే. పోతుంది, కాని కొన్ని వారాలు పట్టచ్చని చెప్పి, లోసార్టాన్‌కి మార్చాం. అది ఆ ఎంజైము జోలికి పోదు.

నాలుగు వారాలకి వచ్చారు. బీపీ 134/84. నేనడిగేలోపే చొక్కా కాలరు వేళ్లతో పట్టుకుని ముందుకు లాగి చూపించారు. "నిన్న రాత్రి కుట్టానమ్మా. చూడు, ఒక్క కుట్టు వంకర లేదు." ఆ కుట్టు దగ్గరగా వంగి చూశాను. ఆరేళ్ల చదువులో నాకొచ్చిన ఏ మార్కూ నన్ను అంత కదిలించలేదు.

వార్డులో అయితే ఈ కథ మూడు ముక్కలై ముగ్గురి దగ్గర ఉండేది. మందు రాసిన విద్యార్థి బీపీ దిగిందని సంతోషపడి వెళ్లిపోయేది. దగ్గు చూసినవాడు ఎక్స్‌రే బాగుందని ఊరుకునేవాడు. మూడోవాడు మందు మార్చేవాడు, కాని రాసిందెవరో వాడికి తెలియదు. ఆ రోజు నుంచి కొత్తగా ఏ ఇబ్బంది చెప్పినా ముందు మందుల చీటీ చూస్తాను. ఆ అలవాటు నాకు ఏ పాఠం వల్లా రాలేదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1971లోనే విద్యార్థులని తొమ్మిది నెలలపాటు గ్రామీణ డాక్టర్ల దగ్గరికి పంపడం మొదలుపెట్టింది. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం 1997లో కొందరు విద్యార్థులకి ఒక ఏడాది చదువు మొత్తాన్ని రివర్‌ల్యాండ్ ప్రాంతపు క్లినిక్‌లకి తరలించింది. ఆసుపత్రిలో ఉండకపోతే పరీక్షల్లో వెనకబడతామని నేనూ భయపడ్డాను. ఫ్లిండర్స్ విద్యార్థుల మార్కులని పోల్చి 2004లో అచ్చయిన అధ్యయనంలో క్లినిక్‌లలో చదివినవాళ్లకే పెద్దాసుపత్రిలో చదివినవాళ్లకంటే మెరుగ్గా వచ్చాయి. అది చదివాక నాకు కొండంత ధైర్యం వచ్చింది. కాకపోతే అక్కడికి వెళ్లినవాళ్లు ఆ పోస్టింగ్‌ని కోరి వెళ్లినవాళ్లు. లాటరీలో పడి, మొహం ముడుచుకుని వెళ్లేవాళ్ల సంగతి దాన్నిబట్టి చెప్పలేం.

పాసైన కొత్తలో జూనియర్లు అడిగితే కళ్లు మూసుకుని తీసుకోండని చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పను. నాతో చదివిన స్నేహితురాలికి అవే 40 వారాలు వేరే క్లినిక్‌లో పడ్డాయి. ఆమెని మూల స్టూలు మీద కూర్చోబెట్టారు. రిజిస్టరు నింపింది, బీపీలు చూసింది. ఎవరూ ఆమెని "నీకేమనిపిస్తోంది?" అని అడగలేదు. మా మేడం ప్రతి రోగి దగ్గరా అడిగే మొదటి ప్రశ్న అదే. రెండోది "ఎందుకలా అనిపించింది?". ఆ వరసకి బోధనలో ఒక పద్ధతే ఉందని, 1992 నుంచి డాక్టర్లకి దాన్ని ఐదు మెట్లుగా నేర్పుతున్నారని నాకు తర్వాత తెలిసింది. ఆ రెండు ప్రశ్నలు లేకపోతే రోగి పదిసార్లు తిరిగొచ్చినా విద్యార్థికి ఒరిగేదేమీ లేదు. స్నేహితురాలి ఏడాది అలాగే పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మా మేడం సంగతి కూడా నేను మొదట్లో చెప్పినంత సాఫీ కాదు. ఆ మొదటి దగ్గు రోజు ఆవిడ నాతో పాటు ఆయన్ని చూసి ఉంటే ఆయన దగ్గు రెండు వారాల ముందే తగ్గేదేమో. అప్పట్లో తప్పంతా నాదేననుకున్నాను. ఇప్పుడు నా పక్కన విద్యార్థి కూర్చున్నాక, ఒక్కో రోగికి ఎంత సమయం ఎక్కువ పడుతుందో, బయట బెంచీ నిండిపోతుంటే ఎలా ఉంటుందో నాకూ తెలుస్తోంది. ఆ సమయానికి క్లినిక్‌కి కాలేజీ ఏదైనా లెక్క కట్టి ఇవ్వకపోతే, ఎంత మంచి డాక్టరైనా గుమ్మంలో తలూపే రోజులు వస్తాయి. ఆ భారం రోగి మోస్తాడు.

కొన్ని అక్కడ దొరకవు. ఆ 40 వారాల్లో గుండెపోటు రోగులని ఇద్దరినే చూశాను, ఇద్దరినీ అంబులెన్సు ఎక్కించి పంపేశాం. శ్వాసనాళంలో గొట్టం వేయడం ఒక్కసారి కూడా చూడలేదు. ఇంటర్న్‌గా మొదటి రాత్రి డ్యూటీలో పక్కవాళ్ల కంటే వెనకబడ్డాను, అది సర్దుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఒంటరితనం ఇంకోటి. చుట్టూ బ్యాచ్‌మేట్లుండరు, సాయంత్రం సందేహం వస్తే అడగడానికి ఎవరూ ఉండరు.

నేనైతే మళ్ళీ అదే తీసుకుంటాను. కాని అప్పటికి నాకు ఇంటి బాధ్యతల్లేవు, క్లినిక్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో గది దొరికింది, ఫ్యామిలీ డాక్టరు అవ్వాలని ముందే ఉంది. సర్జరీ మీద మనసున్నవాళ్లకి ఇన్ని వారాలు అక్కర్లేదేమో, పన్నెండు చాలేమో. చిన్న పిల్లలున్నవాళ్లకి దూరం పడితే నేను పొమ్మనలేను.

చేరేముందు సీనియర్లని అడగాల్సినవి రెండున్నాయి. మొదటిది, మొదట చూసిన రోగి మళ్ళీ వచ్చినప్పుడు అదే విద్యార్థి దగ్గర కూర్చోబెడతారా, లేక ఆ రోజు ఎవరుంటే వాళ్ల దగ్గరా? రెండోది, పాత పేజీలు విద్యార్థి చేతికిస్తారా? నా దగ్గరికొచ్చేవాళ్లకి మొదటి రోజే ఒక నోట్‌బుక్ ఇస్తున్నాను. అందులో రోగుల పేర్లుండవు, ఫైలు నంబర్లు మాత్రమే. ఎడమ పేజీలో ఆ రోజు ఏమనుకున్నారో రాయాలి. కుడి పేజీ ఆ మనిషి తిరిగొచ్చేదాకా ఖాళీగా ఉంచాలి.