కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి: అసిస్ట్ సైట్‌లో ఆ బాణాన్ని ఎంతవరకు నమ్మొచ్చు

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో మొదటి రెండేళ్ళు చదివి యూసీకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి, మారేవాళ్ళకి ఏ క్లాసు దేనికి చెల్లుతుందో చూపే సైట్ అసిస్ట్ డాట్ ఆర్గ్. అందులో కాలేజీకీ యూనివర్సిటీకీ మధ్య ఉన్న ఒప్పందం తెరిస్తే ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు కమ్యూనిటీ కాలేజీ కోర్సు, మధ్యలో ఒక చిన్న బాణం. బాణం ఉంటే ఈ క్లాసు ఆ క్లాసుకి చెల్లుతుంది. లేకపోతే "నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్" అని రాసి ఉంటుంది. అంతే. చదవకముందే, రాతపూర్వకంగా, పైసా తీసుకోకుండా ఇంత సూటిగా చెప్పే సైట్లు అమెరికాలో తక్కువ. చాలా చోట్ల ముందు క్లాసులు చదివి, ఫీజులు కట్టి, ట్రాన్స్‌ఫర్ అయ్యాకే ఏది నిలిచిందో ఏది పోయిందో తెలుస్తుంది. ఏళ్ళ తరబడి దీన్ని వాడుతూ, అడిగినవాళ్ళకి చూపిస్తూ ఉన్నాను కాబట్టి ఈ ఒక్క విషయంలో కాలిఫోర్నియాకి పూర్తి మార్కులు వేస్తాను. కాకపోతే ఆ బాణం దేనికి హామీ, దేనికి కాదు అన్నది సైట్‌లో ఎక్కడా పెద్దక్షరాలతో ఉండదు. మన కుటుంబాల్లో పిల్లలకి ఒక సెమిస్టరో, ఏడాదో వృథా అయ్యేది సరిగ్గా అక్కడే.

ప్రవేశం సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. రాష్ట్రంలోని 116 కాలేజీలకూ ఒకటే పద్ధతి: హైస్కూల్ పూర్తయి ఉండాలి, లేదా 18 ఏళ్ళు నిండి ఉండాలి. శాట్ అక్కర్లేదు, వ్యాసాలు అక్కర్లేదు. సీసీసీ అప్లై అనే ఆన్‌లైన్ సైట్‌లో దరఖాస్తు నింపితే సరి. ఏ స్థాయి క్లాసులో కూర్చోవాలో తేల్చే పాత ప్లేస్‌మెంట్ పరీక్షలు కూడా పోయాయి. ఏబీ 705, దాని తర్వాత వచ్చిన ఏబీ 1705 చట్టాల పుణ్యమా అని హైస్కూల్ మార్కులు చూసి నేరుగా ట్రాన్స్‌ఫర్ స్థాయి ఇంగ్లిషులో, లెక్కల్లో కూర్చోబెడతారు.

జాగ్రత్తగా నింపాల్సింది రెసిడెన్సీ భాగం. రాష్ట్రవాసికి సెమిస్టరు కాలేజీలో యూనిట్‌కి (క్రెడిట్‌కి) 46 డాలర్లు, అంటే 12 యూనిట్లకి 552. బయటివాళ్ళకి దాని మీద యూనిట్‌కి ఇంకో మూడు నాలుగు వందలు పడుతుంది. హెచ్-1బీ వాళ్ళూ, వాళ్ళ మీద హెచ్-4లో ఉన్నవాళ్ళూ రాష్ట్రవాసులుగా నిరూపించుకోవచ్చు. టర్మ్ మొదలయ్యేనాటికి ఏడాదికి పైగా ఇక్కడే ఉంటున్నట్టు పన్ను రిటర్నులు, లీజు, డ్రైవింగ్ లైసెన్సు లాంటి కాగితాలు చూపాలి. ఎఫ్-1కి ఆ వీలు లేదు. అందుకే హెచ్-4లో ఉన్న పిల్లలకి 21 నిండి ఎఫ్-1కి మారితే, అదే కాలేజీలో, అదే క్లాసుకి, ఫీజు ఒక్కసారిగా ఎన్నో రెట్లవుతుంది. పుట్టినరోజు ఏ టర్మ్ మధ్యలో పడుతుందో ముందే చూసుకుని క్లాసులు సర్దుకోవడం మంచిది.

ఇక అసలు సంగతి. అసిస్ట్‌లో చదువుతున్న కాలేజీ, వెళ్ళాలనుకున్న క్యాంపస్, సంవత్సరం, మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) ఎంచుకుంటే ఒప్పందం వస్తుంది. సంవత్సరం గడిని ఎవరూ పట్టించుకోరు, పట్టించుకోవాలి. కొత్త ఏడాది ఒప్పందాలన్నీ ఒకేసారి రావు. ఒక క్యాంపస్‌వి ముందు, ఇంకోదానివి నెలల తర్వాత వస్తాయి. మేజర్‌కి ఏమేం కావాలో తెలుసుకోవడానికి అన్నిటికన్నా కొత్త ఒప్పందం చూడండి. ఇప్పటికే చదివేసిన క్లాసుకి మాత్రం చదివిన ఏడాది ఒప్పందం చూడాలి. రెండిటినీ పీడీఎఫ్‌గా దాచుకోండి.

కుడివైపు ఒకే కోర్సు ఉంటే గొడవ లేదు. రెండు మూడు కోర్సులు ఒకదాని కింద ఒకటి పేర్చి, పక్కన బ్రాకెట్ గీసి, మధ్యలో "అండ్" అని ఉన్నప్పుడు మొదలవుతుంది కథ. ఆ బ్రాకెట్‌కి అర్థం: ఇవన్నీ చదివితేనే ఎడమవైపు ఉన్నది వస్తుంది, ఒకటి తగ్గినా ఏదీ రాదు. ఇంతవరకు అందరికీ అర్థమవుతుంది. ఈ ఒప్పందం ఈ ఒక్క కాలేజీతోనే అన్న సంగతి దగ్గరే లెక్క తప్పుతుంది. ఆ బ్రాకెట్‌లో సగం ఇక్కడ, సగం పక్క ఊరి కాలేజీలో చదివితే దానికి ఒప్పందం లేదు, బాణం లేదు. యూనివర్సిటీలో ఎవరో ఒకరు కూర్చుని సిలబస్‌లు పక్కపక్కన పెట్టి తేల్చాలి.

పైకి చాదస్తంలా కనిపించినా దీని వెనక కారణం ఉంది. ఫిజిక్స్ తీసుకోండి. ఒక కాలేజీలో మొదటి కోర్సు మెకానిక్స్, రెండోది విద్యుత్తు, అయస్కాంతత్వం, మూడోది ఉష్ణం, తరంగాలు, కాంతి, ఆధునిక భౌతికం. ఇంకో కాలేజీలో ఉష్ణం రెండో కోర్సులోనే అయిపోతుంది. మొదటి కాలేజీలో రెండు చదివి, సీటు దొరకలేదని మూడోది రెండో కాలేజీలో తీసుకుంటే ఉష్ణం ఎక్కడా చదవనట్టే. ట్రాన్స్‌క్రిప్టులో మూడు ఫిజిక్స్ కోర్సులు, మూడు ఏ గ్రేడ్లు ఉంటాయి, థర్మోడైనమిక్స్ మాత్రం ఉండదు. బర్కిలీలో ఫిజిక్స్ 7బీ అంటే ఉష్ణం, విద్యుత్తు, అయస్కాంతత్వం మూడూ కలిపి. అందుకే ఉష్ణాన్ని మూడో కోర్సులో చెప్పే కాలేజీ నుంచి దానికి ఒకటికి ఒకటిగా బాణం పడదు.

క్వార్టరు (ఏడాదికి మూడు ప్రధాన టర్మ్‌లు), సెమిస్టరు (ఏడాదికి రెండు) కాలేజీలు కలిపితే ఇంకా చిక్కు. బే ఏరియాలో మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేవాటిలో డి ఆంజా, ఫుట్‌హిల్ క్వార్టరు కాలేజీలు. ఫ్రీమాంట్‌లోని ఓలోనీ, శాంటా క్లారాలోని మిషన్, లివర్‌మోర్‌లోని లాస్ పొజిటాస్ సెమిస్టరువి. డి ఆంజాలో క్యాలిక్యులస్ 1ఏ నుంచి 1డీ దాకా నాలుగు ముక్కలు, సెమిస్టరు కాలేజీల్లో మామూలుగా మూడు. 1ఏ అయ్యాక సెమిస్టరు కాలేజీలో క్యాలిక్యులస్ 2కి దూకితే, అక్కడ మొదటి కోర్సు చివర్లో చెప్పేసిన ఇంటిగ్రేషన్ పునాది వీళ్ళకి ఉండదు. 1బీ కూడా చేసి దూకితే సగం పాఠం మళ్ళీ విన్నట్టు. అటునుంచి ఇటు వచ్చినా ఇంతే: క్యాలిక్యులస్ 2 చేసి 1డీలో కూర్చుంటే, 1సీలో అయిపోయిన వెక్టర్లు చాలాసార్లు తెలిసి ఉండవు. యూనిట్ల లెక్క వేరే. ఒక సెమిస్టరు యూనిట్ అంటే ఒకటిన్నర క్వార్టరు యూనిట్. 5 క్వార్టరు యూనిట్ల క్లాసు 3.33 సెమిస్టరు యూనిట్లే అవుతుంది. యూసీ అడిగే 60 సెమిస్టరు యూనిట్లు, 90 క్వార్టరు యూనిట్లు ఒకటే. కలిపి చదివినవాళ్ళు 59 దగ్గర ఆగిపోయేది ఈ దశాంశాల వల్లే.

ఇక్కడ కౌన్సెలర్ మాట కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది, కావాలని కాదు. "ఆ కాలేజీ క్లాసుని మా క్లాసుతో సమానంగా తీసుకుంటాం" అన్నారంటే అది వాళ్ళిచ్చే రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ వరకు, వాళ్ళ తర్వాతి క్లాసుకి ప్రీరిక్విజిట్ (ముందుగా చదివి ఉండాల్సిన క్లాసు) వరకు నిజమే. యూసీ మాత్రం ఆ సమానత్వాన్ని అలాగే మోసుకుపోదు. క్లాసు ఏ కాలేజీలో చదివారో ఆ కాలేజీ ఒప్పందాన్నే తెరిచి చూస్తుంది. ఆ మాట ఈమెయిల్‌లో రాయించుకున్నా ఒరిగేది లేదు.

జనరల్ ఎడ్యుకేషన్‌కి, అంటే మేజర్ ఏదైనా అందరూ చదవాల్సిన క్లాసులకి, వచ్చేసరికి రూలు సరిగ్గా తలకిందులు కావడం వల్ల జనం ఇంకా మోసపోతారు. 2025 ఫాల్ నుంచి కొత్తగా చేరినవాళ్ళకి యూసీకి, కాల్ స్టేట్‌కి (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) కలిపి క్యాల్‌జెట్‌సీ అనే ఒకటే జనరల్ ఎడ్యుకేషన్ పట్టిక: 11 కోర్సులు, 34 సెమిస్టరు యూనిట్లు, ప్రతిదానిలో కనీసం సీ. సీ మైనస్ పనికిరాదు. దీనికి ఏ కమ్యూనిటీ కాలేజీలో చదివినా, అక్కడ ఆ విభాగం కింద ఆమోదం ఉంటే కలిసిపోతుంది. చివరి కాలేజీ అన్నీ కలిపి సర్టిఫై చేస్తుంది. అడిగితేనే చేస్తుంది, తనంతట తాను చేయదు. కాబట్టి ఎథ్నిక్ స్టడీస్, సైకాలజీ, స్పీచ్ లాంటివి ఎక్కడ సీటుంటే అక్కడ, వేరే కమ్యూనిటీ కాలేజీల ఆన్‌లైన్ క్లాసుల్లో చేర్చే సీవీసీ ఎక్స్‌ఛేంజ్ ద్వారా అయినా తీసుకోవచ్చు. క్యాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ప్రోగ్రామింగ్ వరుసలు మాత్రం మొదలుపెట్టిన చోటే ముగించాలి. ఇంజనీరింగ్ పిల్లలకి ఈ రెండో వాక్యమే ముఖ్యం. వాళ్ళకి యూసీలు జనరల్ ఎడ్యుకేషన్ కన్నా మేజర్ ప్రిపరేషనే ముందు చూస్తాయి. సీటు దొరక్కపోతే వెయిట్‌లిస్టులో పేరు పెట్టి మొదటి రోజు క్లాసుకి వెళ్ళి కూర్చోవడం, లేదా ఒక టర్మ్ ఆగడం, కాలేజీ మారడం కన్నా నయం.

ఈ బాధ కొంత తగ్గించడానికే ఉమ్మడి కోర్సు నంబర్లు వచ్చాయి. ఏబీ 1111 చట్టం ప్రకారం 2025 ఫాల్‌లో మొదటి విడత మొదలైంది: మొదటి ఇంగ్లిషు ఏ కాలేజీలోనైనా ఇంగ్లిష్ సీ1000, స్టాటిస్టిక్స్ స్టాట్ సీ1000. టెక్సాస్‌లో మనవాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారు. అక్కడ ఏ కమ్యూనిటీ కాలేజీలో చదివినా క్యాలిక్యులస్ 1 అంటే మ్యాథ్ 2413 అన్న పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఇక్కడ మొదటి విడతలో వచ్చినవి ఎలాగూ సులువుగా కలిసిపోయే క్లాసులే. పిల్లల్ని ముంచే ఫిజిక్స్, క్యాలిక్యులస్ వరుసలు అందులో లేవు.

బాణం చూపించనివి ఇంకొన్ని ఉన్నాయి. ఆ క్లాసు ఈ టర్మ్‌లో పెడుతున్నారో లేదో అసిస్ట్‌కి తెలియదు. డిస్క్రీట్ మ్యాథ్, అసెంబ్లీ లాంగ్వేజ్ లాంటివి కొన్ని కాలేజీల్లో ఏడాదికి ఒక్కసారే ఉంటాయి. ప్రీరిక్విజిట్‌ల గొలుసు ఎంత పొడవో చెప్పదు. ఆ మేజర్‌లో ఎంత జీపీఏకి (గ్రేడ్ల సగటుకి) సీట్లు వస్తున్నాయో చెప్పదు, దానికి యూసీ సొంత సైట్‌లో మేజర్ వారీ ట్రాన్స్‌ఫర్ పట్టిక వెతుక్కోవాలి. యూసీకి కనీసం 2.4 అని రాసి ఉంటే అది దరఖాస్తు పెట్టుకోవడానికి మాత్రమే, కంప్యూటర్ సైన్స్‌కి దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు. షరతులు పూర్తిచేస్తే సీటు ఖాయం అనే ట్యాగ్ హామీ ఆరు క్యాంపస్‌లకే: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. ఒక్కదానికే పెట్టాలి, సెప్టెంబరులోనే పెట్టాలి, మేజర్ మినహాయింపులు ముందే చదవాలి.

హైస్కూల్లోనే కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు ఎక్కువగా రాసే పిల్లలకి ఇంకో గుంట ఉంది. ఏపీ క్యాలిక్యులస్ క్రెడిట్ వచ్చాక అదే క్యాలిక్యులస్ కాలేజీలో చదివితే యూనిట్లు రెండుసార్లు లెక్కలోకి రావు. ఏపీ స్కోరు కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు మీద కనిపించినా సరిపోదు, కాలేజ్ బోర్డ్ నుంచి యూనివర్సిటీకి విడిగా వెళ్ళాలి. కమ్యూనిటీ కాలేజీ యూనిట్లు ఎన్ని చదివినా యూసీ డిగ్రీలోకి లెక్కేసేది 70 సెమిస్టరు యూనిట్లే. మిగతావాటికి సబ్జెక్టు చదివినట్టు గుర్తింపు ఉంటుంది గానీ యూనిట్లు కలవవు. హైస్కూల్లో ఉండగానే క్లాసులు తీసుకునేవాళ్ళకి సాధారణంగా 11 యూనిట్ల వరకు ఫీజు ఉండదు. ఉచితం కదా అని తొమ్మిదో తరగతి నుంచే కుక్కేస్తే, అప్పుడొచ్చిన డీ, డబ్ల్యూ (మధ్యలో మానేసిన క్లాసు) కూడా కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉంటాయి. యూసీ దరఖాస్తులో ఒక్క క్లాసు చదివిన కాలేజీనైనా వదిలేయకుండా రాయాలి.

ఇండియా నుంచి క్రెడిట్లు పట్టుకొచ్చేవాళ్ళకి అసిస్ట్ అసలు పనికిరాదు, అందులో ఆ కాలేజీలే లేవు. ఇంటర్‌ని ఇక్కడ హైస్కూల్‌గానే చూస్తారు. బీటెక్, డిగ్రీ క్లాసులకి కమ్యూనిటీ కాలేజీలు మామూలుగా గుర్తింపు ఉన్న ఏజెన్సీతో కోర్సు వారీ మూల్యాంకనం అడుగుతాయి, ఆ పైన ప్రీరిక్విజిట్‌కి ఒప్పుకోవచ్చు. క్యాల్‌జెట్‌సీలోకి మాత్రం ఎక్కించరు. యూసీ అయితే ఆ చదువుని తనే పరిశీలిస్తుంది. బీటెక్ మూడేళ్ళు చదివి మధ్యలో ఆపి వచ్చి, ఇక్కడ రెండేళ్ళు చేస్తే మొత్తం యూనిట్లు పెరిగిపోయి సీనియర్ (నాలుగో ఏడాది విద్యార్థి) కింద లెక్కకట్టే ప్రమాదం ఉంది, అలాంటివాళ్ళని తీసుకోవడానికి కొన్ని క్యాంపస్‌లు వెనకాడతాయి. కమ్యూనిటీ కాలేజీ తప్ప ఇంకెక్కడా చదవని పిల్లలకి ఈ భయం లేదు.

కాబట్టి నా ఓటు ఎవరికంటే: రెసిడెన్సీ ఫీజు వర్తించి, మేజర్ ఏదో మొదటి ఏడాదిలోనే తేల్చుకుని, సైన్సు వరుసలు ఒకే కాలేజీలో చేయగలిగిన పిల్లలకి, వెళ్ళాలనుకున్నది యూసీ గానీ కాల్ స్టేట్ గానీ అయితే, అసిస్ట్‌ని కళ్ళు మూసుకుని కాకపోయినా ధైర్యంగానే నమ్మొచ్చు. హైదరాబాద్ నుంచి ఎఫ్-1 మీద వచ్చేవాళ్ళకి లెక్క వేరు: ఫీజు ఎక్కువ, 12 యూనిట్లు తగ్గకూడదు, అందులో ఆన్‌లైన్ ఒక్క క్లాసే లెక్కకొస్తుంది, అంటే సీటు దొరకనప్పుడు సర్దుకునే వెసులుబాటు తక్కువ. ప్రైవేటు యూనివర్సిటీలు, వేరే రాష్ట్రాలు మనసులో ఉంటే అసిస్ట్ పక్కన పెట్టి, ఆయా అడ్మిషన్ ఆఫీసులకి ప్రతి క్లాసు సిలబస్ పంపి అడగడమే దారి. అందుకోసమైనా చదివిన ప్రతి క్లాసు సిలబస్‌ని ఆ టర్మ్‌లోనే దించుకుని పెట్టుకోండి. టర్మ్ అయ్యాక కాలేజీ క్లాసుల సైట్ క్యాన్వాస్‌లో ఆ పేజీ చాలాసార్లు కనిపించదు.