‘స్లోప్‌కి రెండు నిమిషాల నడక’: పిల్లలతో మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్లేవాళ్లు ఎక్కడ దిగాలి

మంచు ఊళ్లలో గదులు కిరాయికిచ్చేవాళ్లు చెప్పే అబద్ధాల్లో మొదటి బహుమతి ‘స్లోప్‌కి రెండు నిమిషాల నడక’ అన్నదానికివ్వాలి. స్లోప్ అంటే స్కీలతో జారే మంచు వాలు. ఆ రెండు నిమిషాలు జూన్ నెలలో, చెప్పులేసుకుని, చేతులూపుకుంటూ నడిచే మనిషికి. జనవరిలో లెక్క వేరు. స్కీ బూట్లు జత మూడు నాలుగు కిలోలుంటాయి, చీలమండ దగ్గర వంగవు. ఆరేళ్ల పిల్ల అవి తొడుక్కుని గడ్డకట్టిన బాట మీద యాభై అడుగులు వేసేసరికి కూలబడుతుంది. ఇక పిల్లనీ, పిల్ల స్కీలనీ, తన స్కీలనీ మోసేది నాన్నే. అర కిలోమీటరుకి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. మనుషుల్ని కూర్చోబెట్టి మంచు మీద స్లెడ్జి బండి లాగేవాళ్లు ఈయన ఎప్పుడు చేతులెత్తేస్తాడా అని బేరమాడుతూ పక్కనే నడుస్తుంటారు.

అందుకని మొదటిసారి వెళ్లేవాళ్లు కొలవాల్సిన దూరం ఒక్కటే, గది గుమ్మం నుంచి బేబీ స్లోప్ (కొత్తగా నేర్చుకునేవాళ్ల చిన్న వాలు) దాకా. గొండోలాకి (పైకి తీసుకెళ్లే కేబుల్ కారుకి) ఎంత దూరం, బజారుకి ఎంత దూరం అన్నవి తర్వాతి సంగతులు. నేర్చుకునేవాళ్లకి పొద్దున రెండు గంటల పాఠంతోనే ఒళ్లు హూనమవుతుంది. ఆ రెండు గంటల మధ్యలో పిల్లలకి ఒకసారైనా బాత్రూమ్ వస్తుంది. భుజాల దాకా ఉండే స్కీ ప్యాంటు, దాని కింద థర్మల్స్, పైన జాకెట్ విప్పడానికే అయిదు నిమిషాలు. గది దగ్గర్లో ఉంటే ఇది చిన్న పని, లేకపోతే ఆ పూట పాఠం గోవిందా.

దూరం సంగతి ఓనరు నోటి మాటగా తీసుకోవద్దు. లొకేషన్ పిన్ పంపమనండి. శాటిలైట్ మ్యాపులో స్లోప్ అడుగు దాకా మీరే గీత గీసి చూడండి, మూడు వందల మీటర్లు దాటితే వదిలేయండి. తర్వాత ‘మొన్న జనవరిలో తీసిన వీడియో ఉందా, గుమ్మం నుంచి రోడ్డు దాకా’ అని అడగండి. మే నెల పచ్చగడ్డి ఫొటోలు తప్ప ఏమీ పంపలేనివాడి దగ్గర శీతాకాలంలో మంచు తోడే మనిషి ఉండడనే అనుకోవాలి. శిఖరం కనపడే గదికి రాత్రికి రెండు వేలు ఎక్కువడిగితే ఇవ్వొద్దు. మంచు పడే రోజున ఏ కిటికీలోంచి చూసినా కనపడేది ఒకటే తెలుపు.

రెండో మోసం వేడి దగ్గర. ‘హీటర్ ఉంది’ అంటారు. ఉంటుంది కూడా, కానీ దానికి రోజుకింత అని విడిగా నగదు అడుగుతారు. అదీ కౌంటరు దగ్గర బ్యాగులన్నీ దింపాక, వెంట వచ్చిన ముసలావిడ వణుకుతూ సోఫాలో కూర్చున్నాక. గదికి 500 చొప్పున రెండు గదులకి నాలుగు రాత్రులంటే 4,000 అయింది. బుక్ చేసే రోజునే వాట్సాప్‌లో మూడు ప్రశ్నలు రాసి జవాబు రాబట్టండి: వేడి దేనితో, ఏ గంట నుంచి ఏ గంట దాకా, కిరాయిలో కలిసిందా లేదా.

‘దేనితో’ అన్నదానికి వచ్చే జవాబుని బట్టి రాత్రి ఎలా గడుస్తుందో చెప్పేయొచ్చు. బుఖారీ అంటే కట్టెల పొయ్యి. పావుగంటలో గది వేడెక్కిస్తుంది, కట్టెలు అయిపోయాక చల్లారిపోతుంది. రాత్రికి కట్టెలు ఎన్ని ఇస్తారో, మళ్లీ ఎవరు వేస్తారో అడగాలి. ఆయిల్ హీటర్ ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోవాట్లు లాగుతుంది, కరెంటు పోతే ఇన్వర్టర్ దాన్ని మొయ్యదు. సెంట్రల్ హీటింగ్ ఉన్నచోట కూడా జనరేటర్ మీద ఎన్ని గంటలు నడుపుతారన్నదే అసలు ప్రశ్న. ఎలక్ట్రిక్ బ్లాంకెట్ వంద వాట్ల లోపో, కాస్త పైనో వాడుతుంది కాబట్టి ఇన్వర్టర్ మీద కూడా నడుస్తుంది, మంచం పక్క ప్లగ్ ఇన్వర్టర్ లైనులో ఉంటే. పక్క తడిపే వయసు పిల్లలకి మాత్రం అది వద్దు. ముందే పరుపు వెచ్చబెట్టి, పడుకోబెట్టేటప్పుడు ఆపేయండి.

గ్యాస్ హీటర్ ఇస్తామంటే ఆ బస వద్దనుకోండి. తలుపులు, కిటికీలు బిగించుకుని గ్యాస్‌తోనో బొగ్గుల కుంపటితోనో నిద్రపోతే గదిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుంది, దానికి వాసన ఉండదు, లేపేవాళ్లుండరు. పొగగొట్టం సరిగ్గా లేని బుఖారీతోనూ అదే ప్రమాదం. ఆ వాయువుని పసిగట్టే, బ్యాటరీతో నడిచే చిన్న అలారం ఒకటి కొనుక్కుని బ్యాగులో వేసుకోండి.

వేడినీళ్ల లెక్క ఇంకా తమాషా. ‘24 గంటలూ వేడినీళ్లు’ అని రాసిన గదిలో గోడకి 15 లీటర్ల గీజర్ వేలాడుతుంటుంది. పైపులో నీళ్లు 5 డిగ్రీల దగ్గరుంటాయి. 2 కిలోవాట్ల గీజర్ వాటిని 60 డిగ్రీలకి తేవడానికి అరగంట. చన్నీళ్లు కలుపుకుంటే ఒకటింపావు బకెట్టు, అంతే. అయిదుగురు స్నానం చేయాలంటే రెండున్నర గంటలు. సాయంత్రం వోల్టేజి 180కి పడిపోతే అదే గీజర్ ఒక్కో విడతకి ముప్పావుగంట పైనే తీసుకుంటుంది. పాఠానికి పొద్దున పదికి చేరాలంటే అమ్మ అయిదింటికే లేచి వంతులు వేయాలి. సెలవులకొచ్చి వంతులేంటని ఆవిడ విసుక్కుంటే తప్పు ఆవిడది కాదు. 25 లీటర్లదైనా ఉన్న గది, లేదా రెండు బాత్రూములున్న హట్ (విడిగా ఉండే చిన్న ఇల్లు) చూడండి. స్నానాలు సాయంత్రం నాలుగింటికి, ఒళ్లు నొప్పులున్నప్పుడు పెట్టుకుంటే ఇంకా నయం. రాత్రిళ్లు పైపులు గడ్డకట్టకుండా కొళాయి సన్నగా తిప్పి వదిలేయమని చెప్తారు, ఆ మాట వినండి.

తడి సామాను ఆరేసుకునే చోటు గురించి ఎవరూ అడగరు. రెండో రోజు పిల్లల ఏడుపు సగం తడిసిన గ్లోవ్స్ వల్లే. బూటు లోపలి మెత్తటి పొరని బయటికి లాగి వెచ్చటి గదిలో వేలాడదీస్తే పొద్దుటికి ఆరుతుంది. బుఖారీకి ఆనించి పెడితే మాత్రం ఫోము ముడుచుకుపోతుంది, బూట్లు కిరాయికిచ్చిన షాపువాడు డబ్బులు వసూలు చేస్తాడు. ఒక్కొక్కరికి గ్లోవ్స్ రెండేసి జతలు ఉండాల్సిందే.

ఇక ఊళ్లు. మొదటిసారికి నా ఓటు గుల్మార్గ్‌కే, అందులోనూ కింద కాకుండా పైన ఊళ్లోనే దిగడానికి. శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్లు, ఎత్తు సుమారు 2,650 మీటర్లు. నేర్చుకునే వాలులు ఊళ్లోనే, పళ్లెంలాంటి మైదానంలో ఉన్నాయి కాబట్టి మొదటి మూడు రోజులు గొండోలా టికెట్ అవసరమే లేదు. రెండో దశ గొండోలా దిగే అఫర్వత్ కొండ వైపు 3,900 మీటర్లు దాటిన వాలులు ఆరితేరినవాళ్లవి. చూసి రావడానికి వెళ్లండి, స్కీలు కట్టుకుని కాదు. పాఠాలకి 1968 నుంచీ అక్కడ కేంద్ర ప్రభుత్వ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. దాని కోర్సులు రోజుల తరబడి సాగుతాయి, కాలేజీ పిల్లలకి బాగుంటాయి. చిన్నపిల్లలున్న కుటుంబానికి రోజుకి ఒక గైడుని మాట్లాడుకోవడమే మేలు.

డబ్బు మిగులుతుందని కింద తంగ్‌మార్గ్‌లో దిగేవాళ్లుంటారు. పైకి 13 కిలోమీటర్లు, అన్నీ మలుపులు. మంచు పడితే టైర్లకి చైన్లు కట్టిన బండినో ఫోర్ బై ఫోర్‌నో తప్ప పోనివ్వరు, శ్రీనగర్ టాక్సీ అక్కడే దింపేస్తుంది. లెక్క ఇలా వేసి చూడండి. పైన రాత్రికి 9,000, కింద 4,000 అనుకుంటే నాలుగు రాత్రులకి 20,000 తేడా. రోజూ బండికి రానూపోనూ 2,500 చొప్పున 10,000 పోయాయి. మిగిలింది 10,000. దానికి బదులుగా రోజూ బండి కోసం నిలబడటం, పైన స్టాండులో దిగి గొండోలా వైపు దాదాపు కిలోమీటరు నడక, మధ్యాహ్నం పడుకోవడానికి గది లేకపోవడం. అమ్మమ్మ వెంట ఉంటే ఆవిడ రోజంతా ఏదో టీ కొట్టు కుర్చీలో గడపాలి. ఇద్దరు కుర్రాళ్లయితే తంగ్‌మార్గ్ భేషుగ్గా సరిపోతుంది, కుటుంబానికి కాదు.

కిరాయి బేరమాడేటప్పుడు 7,500 అంకె గుర్తుంచుకోండి. రోజు కిరాయి ఆ గీత దాటకపోతే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి. 7,400 గది పన్నుతో 7,770 అవుతుంది. 7,600 గది 8,968 అవుతుంది. రెండు వందల కిరాయి తేడాకి దాదాపు పన్నెండు వందలు పోతాయి.

హిమాచల్‌లోని సోలాంగ్‌ది రెండో స్థానం. మనాలి నుంచి 13 కిలోమీటర్లే కాబట్టి అందరూ మనాలిలో దిగి ‘రోజూ వెళ్లొస్తాం’ అనుకుంటారు. క్రిస్మస్ నుంచి జనవరి మొదటివారం దాకా దారిలోని పల్చాన్ దగ్గర బండ్లు ఆగితే ఆ 13 కిలోమీటర్లకి మూడు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. అటల్ టన్నెల్ చూడ్డానికి పోయే బండ్లు కూడా అదే దారి. మంచు కురిస్తే పోలీసులు నెహ్రూ కుండ్ దగ్గరే మామూలు కార్లని ఆపేస్తారు. కాబట్టి అక్కడ బస అంటే మనాలి మాల్ రోడ్డు హోటళ్లు కాదు, బురువా, పల్చాన్, సోలాంగ్ ఊళ్లలోని ఇళ్లు. వంటగదితో సహా మొత్తం ఇల్లు కిరాయికి దొరకడం మనాలి వైపు తేలిక, అది ఈ ఊరి గొప్ప. లోటేంటంటే స్కీయింగ్ వాలు మీదే స్లెడ్జిలు, మంచు మీద నడిచే స్కూటర్లు, ఫొటోల జనం. పిల్లలకి జారే చోటు దొరకడానికే పొద్దున తొమ్మిదికల్లా ఉండాలి.

ఉత్తరాఖండ్‌లోని ఔలీ వాలు మూడింటిలోనూ అందమైనది, దారే శిక్ష. రిషికేశ్ నుంచి జోషీమఠ్ సుమారు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, పది గంటలు. జోషీమఠ్ నుంచి పైకి తీసుకెళ్లే రోప్‌వే నేల కుంగడంతో 2023 జనవరిలో ఆగింది. రోప్‌వే ఉందని పాత సమాచారం చూసి కింద గది తీసుకుంటే రోజూ జారే రోడ్డు మీద టాక్సీయే గతి. కారులో వాంతులయ్యే పిల్లలుంటే ఇటు చూడకండి.

హట్‌లో వంటగది ఉందని సంబరపడేవాళ్లకి రెండు మాటలు. గుల్మార్గ్ ఎత్తులో నీళ్లు 91 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకుండా కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. కుక్కర్ ఉందా, రబ్బరు బాగుందా అని అడగండి. సిలిండర్ బయట మంచులో పెట్టి ఉంటే మంట సన్నగిల్లుతుంది. గ్యాస్‌లోని బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది మరి. సన్నబియ్యం, పప్పు, ఆవకాయ ఇక్కణ్నుంచే చెక్-ఇన్ బ్యాగులో వేసుకోండి. కశ్మీరీ రాజ్మా అన్నం బావుంటుంది, మూడో రోజుకి మనవాళ్ల మొహాలు మాత్రం పెరుగన్నం వైపు తిరుగుతాయి.

తేదీల దగ్గర జాగ్రత్త. సంక్రాంతి సెలవులు కశ్మీర్‌లో ‘చిల్లై కలాన్’ అనే నలభై రోజుల గడ్డు చలిలో పడతాయి, అది డిసెంబర్ 21న మొదలవుతుంది. చలి ఖాయం, మంచు ఖాయం కాదు. 2024 జనవరిలో సగం నెల దాటినా గుల్మార్గ్ ఎండిపోయే ఉంది. 2025లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో గుల్మార్గ్ పోటీలు కూడా మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదాపడ్డాయి. ‘మంచు లేదు’ అంటే ఏ ఓనరూ డబ్బు వాపసివ్వడు. కాబట్టి వారం ముందు దాకా రద్దు చేసుకోగలిగే గదినే తీసుకోండి, కాస్త ఎక్కువైనా సరే. రోడ్డు మూసుకుపోతే ఏమిటన్నది కూడా రాతలో ఉండాలి. అడ్వాన్సు పావు వంతు దాటనివ్వద్దు.

జమ్మూకశ్మీర్‌లో మన ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు. వెళ్లే ముందు ఇంట్లో ఒక్కరైనా పోస్ట్‌పెయిడ్‌కి మారకపోతే దారిలో ఓనరుకి ఫోన్ చేయలేరు. ఆయన పంపిన ఆ వాట్సాప్ జవాబులు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. నగదు కూడా ఉంచుకోండి, కరెంటు పోయిన రోజున యూపీఐ మీద ఆశ పెట్టుకోలేం.

పైకెళ్లే ముందు శ్రీనగర్‌లో ఒక రాత్రి ఆగితే పిల్లలకి తలనొప్పి తగ్గుతుంది. హైదరాబాద్ 500 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు, ఒక్క రోజులో 2,650కి ఎగబాకితే ఒళ్లు మొరాయిస్తుంది. తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి కూడా శ్రీనగర్‌లోనే గది తీసుకోండి. గుల్మార్గ్ రోడ్డు పొద్దున తెరవకపోతే విమానం మీకోసం ఆగదు. ఎయిర్‌పోర్టులో టెర్మినల్‌కి చాలా ముందే, గేటు దగ్గర సామానంతా దింపి ఒకసారి స్కాన్ చేయిస్తారు. మూడు గంటల ముందు చేరేలా బండి మాట్లాడుకోండి.