వంటింటి అరల కింద స్ట్రిప్పు లైటు: డ్రైవర్‌తోనే నా పేచీ

మూడేళ్ళు దాటినా ఈ వెలుతురు మీద నా మోజు తగ్గలేదు. వంటింట్లో గోడ దీపం మన వీపు వెనక ఉంటుంది. గట్టు ముందు నిలబడితే మన నీడే తరుగుతున్న కూరగాయల మీద పడుతుంది. గోడ అరల అడుగున ఎల్‌ఈడీ స్ట్రిప్పు వేశాక ఆ బాధ పోయింది. తోటకూర ఆకు వెనక నక్కిన పురుగు కూడా దొరికిపోతోంది.

గోడ కొట్టే పని పడలేదు. అరలు బిగించినప్పుడు వాటి వెనక పడిపోయిన పాత ట్యూబ్‌లైట్ పాయింటు ఒకటి ఉంది. దాని స్విచ్ కూడా తలుపు పక్క బోర్డులో అలాగే ఉంది. ఆ 230 వోల్టుల పాయింటు నుంచి డ్రైవర్‌కు, అంటే ఇంటి కరెంటును స్ట్రిప్పుకు తగ్గట్టు తగ్గించే చిన్న పెట్టెకు; డ్రైవర్ నుంచి 12 వోల్టులు స్ట్రిప్పుకు. అంతే పని.

గొడవ రెండో వేసవిలో మొదలైంది. వెలిగించిన కాసేపటికి లైటు ఆరిపోయేది, కొంతసేపటికి దానంతట అదే వచ్చేది. మూకుడులో నూనె కాగుతుండగా గట్టంతా చీకటి! స్ట్రిప్పు పోయింది, కొత్త చుట్ట కొనండి అన్నారు అమ్మినవారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. పోయిన స్ట్రిప్పు మళ్ళీ అంత నిండుగా ఎలా వెలుగుతుంది? వడ్రంగిని పిలిపించి పై అర వెనక పలక ఊడదీయించాను. డ్రైవర్‌ను ఒక చెక్క పెట్టెలో పెట్టి, నాలుగు వైపులా మేకులు కొట్టి మూసేశారు. పట్టుకుంటే చేయి కాలింది. ప్లాస్టిక్ ఒక మూల గోధుమ రంగుకు తిరిగింది. లైటు ఆరినప్పుడు మీటరు పెడితే డ్రైవర్ నుంచి కరెంటే రావడం లేదు. అదే స్ట్రిప్పుకు వేరే అడాప్టర్ తగిలిస్తే హాయిగా వెలిగింది.

మూడు మీటర్ల స్ట్రిప్పు, మీటరుకు 10 వాట్లు. డ్రైవర్ 36 వాట్లది. లెక్కకు సరిపోయినట్టే ఉంది గానీ, గాలి ఆడని పెట్టెలో అంత బరువు మోయలేదు. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే లోపలి కెపాసిటర్ల ఆయుష్షు సగానికి పడిపోతుంది. వడ్రంగి కూలి కొత్త డ్రైవర్ ధరను మించిపోయింది. నా కోపమంతా అక్కడే.

ఇప్పుడు 60 వాట్లది అరల పైన, చేతికి అందేలా ఉంది. పాత పాయింటులో ఫేజు, న్యూట్రల్ తప్ప ఎర్తు వైరు లేదు. లోహపు పెట్టె డ్రైవర్లకు ఎర్తు కావాలి. అందుకే చదరంలో చదరం గుర్తున్న, ఎర్తు అక్కర్లేని డబుల్ ఇన్సులేషన్ రకం తెప్పించాను. పాత వైరింగు వాడుకునేవారు కొనే ముందే ఇది చూసుకోవాలి.

వెలుతురును అంత మెచ్చుకున్నాను గానీ, పొయ్యి పైన మూరెడు మేర మాటే వేరు. అక్కడ ఆవిరికి జిగురు వదిలేసి స్ట్రిప్పు వేలాడింది. అల్యూమినియం చానల్‌లో, అంటే పొడవాటి గాడి పట్టీలో, కూర్చోబెట్టిన భాగం మాత్రం చెక్కు చెదరలేదు. చానల్ పాల రంగు మూత మీద నూనె జిడ్డు పేరుకుంటుంది, తుడవకపోతే వెలుగు మందగిస్తుంది. కరెంటు అందే కొసతో పోలిస్తే రెండో కొస కొంచెం డీలాగానే ఉంటుంది.

మాది సొంత ఇల్లు, పాయింటు సిద్ధంగా ఉంది, కనుక నాకు కలిసొచ్చింది. అద్దె ఇల్లయితే సాకెట్లో పెట్టే అడాప్టర్‌తోనే సరిపెట్టుకునేదాన్ని. చెక్కపని ఇంకా మొదలుపెట్టనివారు మాత్రం డ్రైవర్‌కు తలుపున్న అర ఒకటి ముందే అడిగి పెట్టించుకోండి.